‘వీఎల్‌సీ ఉందిగా’ అనేది జవాబు కాదు

మన సీఎస్ఈ వాళ్లకి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న పూర్తిగా అడిగేలోపే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పేస్తాం. ఫొటో అంటే గింప్, డాక్యుమెంట్ అంటే లిబ్రెఆఫీస్, వీడియో అంటే వీఎల్‌సీ. పేరు చెప్పేశాక మన పని అయిపోయినట్టే. అడిగినవాళ్లు అది ఇన్‌స్టాల్ చేసుకుంటారు, కావలసింది అందులో లేదని తెలుసుకుంటారు, మళ్లీ అడగడానికి మొహమాటపడి ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటారు. ఆ తర్వాత మనమే క్యాంటీన్‌లో కూర్చుని లినక్స్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడతాం.

ఈ వ్యాసం అలాంటి ఒకే ఒక్క ప్రశ్న గురించి. లినక్స్‌లో యానిమేషన్ చేసేవాళ్లు తమ పనిని తాము చూసుకోవడానికి ఏ ప్లేయర్ వాడాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్లేయర్లు ఉన్నాయి, పెద్ద స్టూడియోలు వాడేవి కూడా ఉచితంగా ఉన్నాయి. లేనిదల్లా ‘వీడియో ప్లేయర్ అంటే సినిమా చూసేది’ అనే ఆలోచన నుంచి మనం బయటపడటం. (ప్లేయర్‌కి తెలుగు మాట పెట్టమని ఎడిటర్ గారు అడిగారు. ‘చలనచిత్ర ప్రదర్శిని’ అని రాసి చూశాను. చదివి ఆవిడే నవ్వారు. కాబట్టి ప్లేయరే.)

ప్రశ్న అడిగింది మా ఈసీఈ ఫ్రెండ్. ఫెస్ట్ కోసం 40 సెకన్ల యానిమేషన్ చేస్తోంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, లినక్స్ మింట్. బొమ్మలు క్రిటాలో గీసి, బ్యాక్‌గ్రౌండ్, సౌండ్ కేడెన్‌లైవ్‌లో కలుపుతుంది. కథలో ఒక గేదె చెరువుగట్టు మీద నడిచి వెళ్లాలి. క్రిటాలో చూస్తే గేదె చక్కగానే నడుస్తోంది. అన్నీ కలిపి వీడియోగా తీశాక మాత్రం కాళ్లు నేల మీద జారుతున్నట్టు ఉంటోంది. నూనె పోసిన గచ్చు మీద నడిచినట్టు. ఎక్కడ జారుతోందో మామూలుగా ప్లే చేస్తే దొరకడం లేదు.

అందుకని గ్రూపులో చాలా వివరంగానే అడిగింది. ఒక్కో ఫ్రేమ్ ముందుకీ వెనక్కీ జరపాలి, ఒక రెండు సెకన్ల ముక్కని మళ్లీ మళ్లీ తిప్పుకోవాలి, ఫ్రేమ్ నంబర్ కనబడాలి, ఒక్క ఫ్రేమ్ కూడా ఎగిరిపోకూడదు. అలాంటిది లినక్స్‌లో ఉందా? నిమిషంలోపే ఒక అన్న రిప్లై: “వీఎల్‌సీ ఉందిగా చెల్లీ.” దాని కింద బోలెడు థమ్సప్‌లు. ఇంకో అన్న: “విండోస్ వేసుకో, గొడవ వదిలిపోద్ది.” దానికి ఇంకా ఎక్కువ.

వీఎల్‌సీ మీద నాకు కోపం ఏమీ లేదు. 1996లో ప్యారిస్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది అది. మనలాంటివాళ్లే చేశారు. పాడైపోయిన ఫైల్ అయినా సగం దిగిన ఫైల్ అయినా ఏదో ఒకటి చూపించి తీరుతుంది. కానీ అది ఎవరి కోసం కట్టారో చూడండి. సినిమా చూసేవాడి కోసం. సినిమా చూసేవాడికి ముఖ్యమైనది ఏమిటి? మాటకీ పెదవికీ పొత్తు కుదరాలి, బొమ్మ ఆగకూడదు. కంప్యూటర్ కాస్త వెనకబడితే ప్లేయర్ ఏం చేస్తుంది? ఆలస్యమైన ఫ్రేమ్‌ని చూపించకుండా వదిలేసి సౌండ్‌ని అందుకుంటుంది. సెకనుకి 24 ఫ్రేముల్లో ఒకటి పోతే చూసేవాడికి తెలియదు. తెలియకపోవడమే దాని గొప్ప.

యానిమేటర్‌కి సరిగ్గా దీనికి వ్యతిరేకం కావాలి. ఒక ఫ్రేమ్ అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. తను వెతుకుతున్న తప్పు ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే ఉండవచ్చు. ప్లేయర్ మర్యాదగా దాన్ని దాచేస్తే ఇక దొరికేదేముంది? సౌండ్ తెగిపోయినా ఫర్వాలేదు, ఆట నెమ్మదైనా ఫర్వాలేదు, ప్రతి ఫ్రేమ్ చూపించు అని చెప్పే అవకాశం ఉండాలి. క్రిటా టైమ్‌లైన్‌లో దీనికోసమే ‘డ్రాప్ ఫ్రేమ్స్’ అని ఒక బటన్ ఉంది. అది ఆన్ చేస్తే వేగం నిలబడుతుంది, ఆఫ్ చేస్తే ప్రతి బొమ్మా కనబడుతుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో అంటుంది. ఆ ఒక్క బటన్‌లో యానిమేటర్ పని ఏమిటో తెలిసినవాళ్ల చెయ్యి కనిపిస్తుంది నాకు.

ఇక వెనక్కి జరపడం. ఇప్పుడు మన లాబ్ కంప్యూటర్లలో ఉన్న వీఎల్‌సీ 3లో ‘ఈ’ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకి వెళ్తుంది. ఒక ఫ్రేమ్ వెనక్కి వెళ్లే కీ లేదు. ఇది చిన్న లోపంలా అనిపిస్తుంది. కాదు. కాగితం మీద గీసే రోజుల్లో యానిమేటర్లు బొమ్మల కట్టని వేళ్ల మధ్య పెట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూసేవాళ్లు. ఇప్పటికీ తిప్పుతున్నారు. ముందుకి మాత్రమే తిరిగే కాగితాల కట్ట ఇస్తే ఎవరు తీసుకుంటారు?

వెనక్కి వెళ్లడం ఎందుకు కష్టమో మన సిలబస్‌లో ఉన్నదే, కానీ ఎగ్జామ్ అయ్యాక ఎవరికి గుర్తుంటుంది. హెచ్.264 వీడియోలో అన్ని ఫ్రేములూ పూర్తి బొమ్మలు కావు. కొన్ని కీఫ్రేములు మాత్రమే పూర్తివి. మిగతావి ‘పోయిన ఫ్రేమ్ లాంటిదే, ఈ ముక్క ఇటు జరిగింది’ అని రాసుకున్నవి. కొన్నయితే తర్వాత రాబోయే ఫ్రేమ్‌ని కూడా చూసి రాసుకున్నవి. పరీక్షల ముందు జిరాక్స్ తీసుకునే టాపర్ నోట్స్ గుర్తుందా? ‘నిన్న చెప్పినట్టే, సైన్ మాత్రం మారుతుంది’ అని ఉంటుంది. నిన్నటి పేజీ తీస్తే ‘మొన్నటిలాగే’ అని ఉంటుంది. అసలు డెరివేషన్ కోసం పది పేజీలు వెనక్కి పోవాలి. వీడియోలో ఒక ఫ్రేమ్ వెనక్కి అడిగితే ప్లేయర్ చేసేది ఇదే. ముందున్న కీఫ్రేమ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి అన్నీ విప్పుకుంటూ రావాలి. ఎక్స్264 ఎన్‌కోడర్ మామూలు సెట్టింగ్‌లో రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండవచ్చు. అంటే పది సెకన్ల సినిమా.

ఎమ్‌పీవీ ఈ పని చేస్తుంది. ఫుల్‌స్టాప్ కీ ముందుకి, కామా కీ వెనక్కి. చిన్న ‘ఎల్’ రెండు చోట్ల నొక్కితే ఆ మధ్య ముక్క తిరుగుతూనే ఉంటుంది. పెద్ద ‘ఐ’ నొక్కితే ఎన్ని ఫ్రేములు వదిలేసిందో నిజాయితీగా స్క్రీన్ మీదే లెక్క చూపిస్తుంది. ఉబుంటు, మింట్ రెండింట్లోనూ ఒక్క కమాండ్‌తో వస్తుంది. చూడటానికి బటన్లు, మెనూలు పెద్దగా ఉండవు కాబట్టి ఎవరూ సిఫారసు చేయరు. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. కాకపోతే కామా నొక్కినప్పుడు పైన చెప్పిన ప్రయాణం అంతా చేయాలి కాబట్టి నత్తనడక నడుస్తుంది. ఎమ్‌పీవీ తప్పు కాదది, ఫైల్ తప్పు.

అందుకే నా మాట ఏమిటంటే, ప్లేయర్ మార్చేముందు ఫైల్ మార్చండి. కేడెన్‌లైవ్ నుంచి గానీ బ్లెండర్ నుంచి గానీ వీడియోకి బదులు వరసగా నంబర్లున్న పీఎన్‌జీ బొమ్మలుగా తీయండి. అప్పుడు ప్రతి ఫ్రేమ్ ఒక పూర్తి బొమ్మ, ఎవరి మీదా ఆధారపడదు. రంగు కూడా చెడదు. మామూలు వీడియోల్లో రంగు సమాచారం బొమ్మ సైజులో నాలుగో వంతుకి కుదించి దాస్తారు. సన్నటి ఎర్ర గీతలు అలికినట్టు కనిపించేది అందుకే. గీసింది తను కాదేమో అనిపించేంత. స్టూడియోల్లో ఇలాగే బొమ్మల వరసలతోనే పని చేస్తారు. మధ్యలో కరెంటు పోయినా 300వ ఫ్రేమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు, అది ఇంకో లాభం. మన ఊళ్లలో చిన్న లాభం కాదు.

బొమ్మలుగా తీసే ఓపిక లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్‌లో ‘జీ’ ఆప్షన్‌కి 1 అని ఇచ్చి ఎన్‌కోడ్ చేయండి. ప్రతి ఫ్రేమూ కీఫ్రేమ్ అవుతుంది. ఫైల్ లావవుతుంది, కానీ కామా కీ చకచకా నడుస్తుంది.

బొమ్మల వరసకి ఖరీదు ర్యామ్‌లో కట్టాలి. 1920 బై 1080 బొమ్మ, పిక్సెల్‌కి నాలుగు బైట్లు, విప్పితే సుమారు 8.3 ఎంబీ. సెకనుకి 24 అంటే దాదాపు 200 ఎంబీ. పది సెకన్లకి 2 జీబీ. మా ఫ్రెండ్ సినిమా మొత్తం 40 సెకన్లు, అంటే 8 జీబీ, అంటే తన ల్యాప్‌టాప్ మొత్తం. కానీ ఎవరూ మొత్తం సినిమాని ఒకేసారి ఇలా చూడరు. గేదె నడిచే షాట్ ఐదు సెకన్లు, 1 జీబీ. హాయిగా పడుతుంది.

ఈ పని కోసమే కట్టిన ప్లేయర్లు ఇక్కడ అక్కరకొస్తాయి. వాటిని రివ్యూ ప్లేయర్లు అంటారు. మొదటిసారి నెమ్మదిగా బొమ్మలన్నీ మెమరీలోకి తెచ్చుకుంటాయి, టైమ్‌లైన్ మీద ఎంతవరకు వచ్చిందో చూపిస్తాయి, రెండో చుట్టు నుంచి అసలు వేగంతో తిప్పుతాయి. బాణం కీలతో అటూ ఇటూ ఒక్కో ఫ్రేమ్. ఫ్రేమ్ నంబర్ అంచనా కాదు, నిజం నంబరే, ఎందుకంటే అది ఫైల్ పేరులోనే ఉంది. వీటిలో డీజేవీ పాతది, తేలికది. ఎమ్‌ఆర్‌వీ2లో ఫ్రేమ్ మీద గీతలు గీసి నోట్స్ కూడా రాసుకోవచ్చు. ‘ఇక్కడ కొమ్ము పొడుగైంది’ అని బాణం గుర్తు వేసి పెట్టుకోవచ్చు. నా ఓటు దీనికే. ఇది ఆప్ట్‌తో రాదు, గిట్‌హబ్‌లో దాని రిలీజుల పేజీ నుంచి డెబ్ ఫైల్ దించుకోవాలి. అంతే తేడా. ఆ అంతే తేడా వల్లే మనలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఇంకా పైకి వెళ్తే ఓపెన్‌ఆర్‌వీ, ఎక్స్‌స్టూడియో. ఇవి వింటే నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఒప్పుకుంటాను. ఆర్‌వీ అనేది హాలీవుడ్ స్టూడియోల్లో షాట్లు చూసి ఓకే చేసే ప్లేయర్. డబ్బిచ్చి కొనుక్కునే దాని కోడ్‌ని ఆటోడెస్క్ అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కి ఇచ్చి ఓపెన్ సోర్స్ చేసింది. ఆ ఫౌండేషన్‌ని 2018లో పెట్టింది ఎవరనుకున్నారు? ఆస్కార్లు ఇచ్చే అకాడమీ, లినక్స్ ఫౌండేషన్ కలిసి. ఎక్స్‌స్టూడియో డీఎన్‌ఈజీ అనే పెద్ద గ్రాఫిక్స్ స్టూడియో తన కోసం రాసుకున్నది, అదీ ఇప్పుడు అక్కడే ఉంది. అయితే వీటిని తీసుకొచ్చి మింట్‌లో డబుల్ క్లిక్ చేయగలమా అంటే, లేదు. ఓపెన్‌ఆర్‌వీ తెరవగానే ఎదురయ్యేది సోర్స్ నుంచి బిల్డ్ చేసుకునే సూచనలు, అవి కూడా రాకీ లినక్స్ కోసం రాసినవి. స్టూడియోలు వాడేది ఆ కుటుంబం లినక్సే కాబట్టి. ఈసీఈ అమ్మాయిని కూర్చోబెట్టి క్యూటీ లైబ్రరీ వెర్షన్ సరిపోలేదని చెప్పడం హింస. అది మన పని. సీఎస్ఈ వాళ్లు ఉన్నది అందుకే కదా.

“విండోస్ వేసుకో” అన్న అన్నకి ఇక్కడ జవాబు చెప్పాలి. సమస్య ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు అన్నా. విండోస్‌తో వచ్చే ప్లేయర్ కూడా సినిమా చూసేవాడి కోసమే. విండోస్‌లో యానిమేషన్ చేసేవాళ్లు చాలాకాలం క్విక్‌టైమ్ మీద ఆధారపడ్డారు. బాణం కీలతో అటూ ఇటూ ఒక్కో ఫ్రేమ్ జరిగేది అందులో. 2016లో ఆపిల్ విండోస్ క్విక్‌టైమ్‌కి మద్దతు ఆపేసింది. కోడ్ ఆపిల్ చేతిలోనే ఉంది కాబట్టి ఇంకెవరూ దాన్ని నడిపించలేకపోయారు. ఆర్‌వీ కోడ్ బయటికి రావడం ఎందుకు పెద్ద విషయమో ఇప్పుడు అర్థమవుతుంది. రేపు ఆ కంపెనీకి విసుగొచ్చినా ప్లేయర్ చావదు.

ఇంకో మాట. యానిమేషన్‌కీ లినక్స్‌కీ సంబంధం లేదనుకునేవాళ్ల కోసం. ‘టైటానిక్’ గ్రాఫిక్స్‌లో కొంత రెండరింగ్ డిజిటల్ డొమైన్ అనే స్టూడియో లినక్స్ మెషీన్ల మీద చేసింది, 1997 సినిమా అది, మనం పుట్టకముందు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న ‘ఫ్లో’ని లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్‌బలోడిస్ బ్లెండర్‌లో చేశాడు. బ్లెండర్‌కి పైసా కట్టక్కర్లేదు. ఛోటా భీమ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. రేపు అలాంటి స్టూడియోలో ఇంటర్వ్యూకి వెళ్లే పిల్ల చేతిలో ఉండాల్సింది దొంగ సాఫ్ట్‌వేర్ కాదు, తన షాట్ గురించి ఫ్రేమ్ నంబర్‌తో సహా మాట్లాడే అలవాటు.

గేదె సంగతి. బొమ్మల వరసగా తీసి, ఎమ్‌ఆర్‌వీ2లో 37 నుంచి 40 వరకు బాణం కీలతో అటూ ఇటూ ఆడిస్తే ఐదు నిమిషాల్లో బయటపడింది. 37 నుంచి 38కి వెళ్తే చెరువుగట్టు జరుగుతోంది, గేదె గిట్ట జరగడం లేదు. 38 నుంచి 39కి వెళ్తే రెండూ జరుగుతున్నాయి. 39 నుంచి 40కి మళ్లీ గట్టు ఒక్కటే. తను సెకనుకి 12 బొమ్మలే గీసింది, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలబడుతుంది. చేత్తో గీసేవాళ్లు అందరూ చేసే పద్ధతే. కానీ బ్యాక్‌గ్రౌండ్‌ని కేడెన్‌లైవ్ ప్రతి ఫ్రేమ్‌కీ జరుపుతోంది. కాబట్టి ప్రతి రెండో ఫ్రేమ్‌లో గిట్ట కింద నుంచి నేల జారిపోతోంది. బొమ్మల్లో ఏ లోపమూ లేదు. తను అప్పటికి రెండు రాత్రులు కూర్చుని కాళ్లు మళ్లీ మళ్లీ గీసింది! గట్టుని కూడా రెండేసి ఫ్రేములకి ఒకసారి జరిపితే గేదె నేల మీద నిలబడింది.

గట్టు ఇప్పటికీ కొంచెం తడబడుతున్నట్టు కనిపిస్తుంది. కొంత రెండేసి ఫ్రేముల వల్ల, కొంత స్క్రీన్ వల్ల. మన స్క్రీన్లు సెకనుకి 60 సార్లు మారతాయి, 60ని 24తో భాగిస్తే 2.5. సగం సారి అనేది ఉండదు కాబట్టి ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు. ఈ రెండో రకం తడబాటుని గీసి దిద్దలేరు. 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద ప్రతి ఫ్రేమూ సమానంగా ఐదుసార్లు వస్తుంది, అక్కడ చూసి నిర్ధారించుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న మిత్రులు దీనికైనా పనికొస్తారు.

కాలేజీని నేను అడిగేది చాలా చిన్నది. లాబ్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు మెషీన్లు ఉన్నాయి. సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగా ఉంటాయి. విద్యార్థులకి ఇన్‌స్టాల్ చేసే హక్కు లేదు, అది సరే, ఇస్తే ఏం చేస్తామో నాకూ తెలుసు. బ్లెండర్, క్రిటా, ఎమ్‌పీవీ, ఎమ్‌ఆర్‌వీ2, ఈ నాలుగూ వేయించమని అర్జీ రాసి ఇచ్చాం. ఫైల్ చూసిన సార్ అడిగిన మొదటి ప్రశ్న: “ప్లేయర్ ఎందుకమ్మా, లాబ్‌లో సినిమాలు చూడ్డానికా?” గేదె 37, 38 ఫ్రేములు ప్రింట్ తీసి అర్జీకి జత చేశాం. ఇంకా సంతకం కాలేదు. ఓపెన్‌ఆర్‌వీని ఉబుంటులో బిల్డ్ చేసి ఆ అడుగులు తెలుగులో రాసిపెట్టే పనికి ముగ్గురం ఉన్నాం, సీమేక్ తెలిసిన నాలుగోవాళ్లు కావాలి. ఈలోగా ఎమ్‌ఆర్‌వీ2 డెబ్ ఫైల్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందే, దించుకోవడం కంటే వచ్చి కాపీ చేసుకోవడం నయం.